నలభై నిమ్మచెట్లు

బైండింగ్ షాపు, వెనక బల్ల
బుధవారం మధ్యాహ్నం

చిన్నోడా,

ఆ మంగళవారం మిగతా మంగళవారాల్లాగే మొదలైంది. ఆరింటికి లేచి కిటికీలు తీశాను. మీ అన్నయ్య బస్సు డిపోకి వెళ్లే తొందరలో మేజోళ్ల జత దొరక్క, ఒకటి నల్లది, ఒకటి నీలంది తొడుక్కున్నాడు. 'బూట్లలో ఎవరు చూస్తార్లే' అన్నాడు. పిల్ల కాలేజీకి వెళుతూ ఫోన్ ఆటలో ఎవర్నో తుపాకీతో కాల్చుకుంటూనే మెట్లు దిగింది. 'చూసుకుని దిగవే' అంటే, 'ఉండత్తా, వెనక నుంచి కొడుతున్నారు' అంది.

మీ వదిన ఏడింటికే వంటింటి నేల తుడిచింది. ఎనిమిదిన్నరకి మందుల షాపుకి బయల్దేరుతూ, అమ్మ మాత్రల డబ్బాలో ఆ రోజు గడి తెరిచి చూపించి మరీ వెళ్లింది. అమ్మ హాల్లో కుర్చీలో కూర్చుని చిక్కుపడ్డ ఊలు ఉండ విప్పుకుంటోంది. నేను పాలు సన్నటి మంట మీద పెట్టి, ఎనిమిది నలభైకి ప్రార్థన గదిలోకి వెళ్లి గడియ వేసుకున్నాను.

నాన్న పెట్టిన పద్ధతి నీకు తెలిసిందే. ఆ తలుపు వేసి ఉంటే బయటి వాళ్లు గట్టిగా పిలవకూడదు, లోపలి వాళ్లు పలకకూడదు. ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ తప్పని నియమం అదొక్కటే.

తొమ్మిదిన్నరకి బయటికి వచ్చేసరికి అమ్మ వంటింటి గుమ్మంలో పడి ఉంది. తరవాతది నువ్వు వచ్చి చూశావు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న మీ వదిన ఉద్యోగం మానేసింది. మానేయమని ఎవరూ అనలేదు. మీ అన్నయ్య 'నీ ఇష్టం' అన్నాడంతే. వాడి 'నీ ఇష్టం' ఎలా ఉంటుందో నీకు తెలుసు. తడి నేల మీద జారిందన్న వాళ్లందరికీ, 'నేను వెళ్లేసరికి నేల ఆరిపోయింది' అని మొదటి వారం మీ వదిన చెప్పింది. ఇప్పుడు చెప్పడం మానేసింది. అమ్మ మంచం హాల్లోకి మార్చాం. తుంటి నొప్పి తగ్గుతోంది. నా ప్రార్థన వల్లే అంతటితో పోయిందని చూడటానికి వచ్చిన వాళ్లంతా అంటున్నారు.

ఫోన్లో మాట్లాడితే హాలంతా వినిపిస్తుంది. అందుకని కాగితం. జవాబు షాపు చిరునామాకి రాయి.

ఒక సంగతి. మీ ఆఫీసు చేసే ఆ ఫోన్ తోట ఆటలో పంట ఎండిపోవడానికి పది నిమిషాలే ఎందుకు పెట్టారు? ఊరికే అడుగుతున్నాను.

అక్క

*

ఆఫీసు, మూడో అంతస్తు, మంచినీళ్ల మిషన్ పక్కన
శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం మా రిసెప్షన్లో వారం రోజులు పడి ఉంది. ఇక్కడ ఎవరికీ చేత్తో రాసిన కవరు రాదు. కోర్టు నోటీసు అనుకుని ఎవరూ ముట్టుకోలేదట. చివరికి వాచ్‌మన్ తెచ్చి, 'ధైర్యంగా ఉండండి సార్' అని చేతిలో పెట్టాడు.

ఈ పనిలో చేరి పన్నెండేళ్లు. నువ్వు నా పని గురించి ఒక ప్రశ్న అడగడం ఇదే మొదలు. చేరిన రోజు మాత్రం ఒకటి అడిగావు. 'ఇంత చదివించింది పెద్దవాళ్ల చేత బొమ్మలాటలు ఆడించడానికా?' అన్నావు. అది లెక్కలోకి రాదు.

నా పనేంటో ఇప్పుడైనా చెబుతా, విను. ఆడేవాళ్లు ఆట కింద అభిప్రాయాలు రాస్తారు. నక్షత్రాలిస్తారు. ఐదిస్తే మెచ్చుకున్నట్టు, ఒకటిస్తే తిట్టినట్టు. రోజుకి మూడొందలు చదివి జవాబులు పంపాలి. ఒకాయన రాశాడు: 'ఆట చాలా బాగుంది. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. ఐదు నక్షత్రాలు.' ఒక పళ్ల డాక్టరు, రోగి నోట్లో దూది పెట్టి అది నానేలోపు మూడు వరుసలు దున్నుతాడట. ఇంక బాతు. నిమ్మకాయలు ఎత్తుకుపోయే బాతు ఒకటుంది మా ఆటలో. దాన్ని తీసేయమని సగం మంది, తీసేస్తే ఆట మానేస్తామని సగం మంది. బస్సులో నా పక్కన రోజూ ఒక లారీ డ్రైవరు కూర్చుంటాడు. పగలంతా లారీ తోలి, బస్సెక్కి ఫోన్లో మళ్లీ లారీ తోలుతాడు. ఇదేం సరదా అంటే, 'ఇందులో రోడ్డు నా మాట వింటుంది సార్' అన్నాడు. నేను పన్నెండేళ్లలో చదివిన అభిప్రాయాల్లో అంత మంచిది లేదు.

పది నిమిషాల సంగతి పైవాళ్ల నిర్ణయం. మొదట్లో ఆరు గంటలుండేది. ఎందుకడిగావు? పిల్ల ఆడుతోందా? ఆడితే ఆడనీ, కాల్చుకోవడం కంటే నయం కదా.

వదిన ఉద్యోగం మానేసిందంటే బాగా అనిపించలేదు. ఆస్పత్రిలో నేనూ ఒక మాట అన్నాను. 'కాస్త ఆరేదాకా ఆగి వెళ్లాల్సింది వదినా' అని. ఆవిడ నా వైపు చూసి, చేతిలో ఉన్న మందుల చీటీ మడతపెట్టుకుంది. ఆ మడత పెట్టడం నాకు అప్పుడప్పుడూ గుర్తొస్తోంది.

చిన్నోడు

*

బైండింగ్ షాపు
శనివారం, ఓనరు భోజనానికి వెళ్లాక

చిన్నోడా,

ఆడేది పిల్ల కాదు. నేను.

పోయినేడు నువ్వు మా అందరి ఫోన్లకీ ఆ ఆట పంపావు. 'ఒక్కసారి తెరిచి చూడండి, నేను పనిచేసేది దీనికే' అని. ఎవరూ తెరవలేదు. నేను తెరిచాను. నిన్ను అన్ని మాటలన్నదాన్ని, నువ్వు పొద్దస్తమానం కూర్చుని చేసేదేంటో చూద్దామనుకున్నాను. చూశానని నీకు చెప్పడానికి నామోషీ అనిపించింది.

బాగుంది రా. అది ముందు చెప్పాలి. బావిలో చేద పడ్డ చప్పుడు నిజం చేద చప్పుడే. మబ్బు పడితే ఆకుల రంగు మారుతుంది. ఆ బాతు కాయ కరుచుకుని నడుము ఊపుకుంటూ పారిపోతుంటే గదిలో ఒక్కదాన్నే నవ్వేదాన్ని.

ఇంట్లో గడియ ఉన్న గది అదొక్కటే కదా. మొదట ప్రార్థన అయ్యాక ఐదు నిమిషాలు ఆడాను. తరవాత ప్రార్థనకి ముందు కూడా ఐదు నిమిషాలు. ఏ రోజున మధ్యలోంచి ప్రార్థన జారిపోయిందో నాకే తెలియదు.

ఆ మంగళవారం పావుగంటలో వచ్చేద్దామనే పాలు పొయ్యి మీద పెట్టి వెళ్లాను. నలభై నిమ్మచెట్లు ఒక్కసారే పండాయి. ఒక్కో చెట్టు మీద వేలు పెడితే కాయలు రాలి టింగుమంటుంది. పది నిమిషాలు దాటితే చెట్టు ఎండిపోతుంది. మొదటి చెట్టు మీద వేలు పెట్టబోతుంటే అమ్మ పిలిచింది. 'పెద్దమ్మాయ్, పాలు పొంగుతున్నాయే.' ఎనిమిదో చెట్టు దగ్గర ఉండగా మళ్లీ పిలిచింది. ఈసారి 'పెద్దమ్మాయ్' అని మాత్రమే. గొంతు వేరుగా ఉంది.

రెండూ విన్నాను. పలకలేదు. తలుపు వెనక ఉన్నవాళ్లు పలకక్కర్లేదు కదా.

నలభై చెట్లూ కోశాను. కాయలు బండికెత్తించాను. ఫోను పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, పది నిమిషాలు ప్రార్థించాను. గదిలోకి వచ్చినందుకు ఎంతోకొంత చేసి వెళ్లాలని. అవతల అమ్మ నేల మీద ఉంది. నా ప్రార్థన పూర్తయ్యేదాకా ఓపిక పట్టింది. తలుపు తీయగానే 'అయ్యిందా?' అని అడిగింది.

నేల మీద ఉన్నది నీళ్లు కాదు. పాలు. అంబులెన్సుకి ఫోన్ చేసి, అమ్మ తల కింద దిండు పెట్టి, వచ్చేవాళ్లు జారిపడకుండా ఆ పాలు తడిగుడ్డతో తుడిచాను. పొయ్యి కూడా కడిగాను. నేల తుడవడానికి కారణం ఉంది. పొయ్యి కడగడానికి లేదు.

మీ అన్నయ్య డిపో నుంచి పరిగెత్తుకొచ్చి తడి చూశాడు. 'తను నేల తుడిచి వెళ్లిందా?' అన్నాడు. 'పొద్దున తుడిచింది' అన్నాను. అబద్ధం కాదు. పొద్దున తుడిచింది. ఆ ఒక్క మాట అని నేను ఊరుకున్నాను. మిగతావన్నీ మీరు అన్నారు.

నాలుగో రోజు ఆస్పత్రి వరండాలో కూర్చుని మీ ఆట కింద అభిప్రాయం రాశాను. 'తలుపు దగ్గర' అని పేరు పెట్టుకున్నాను. 'ఇంట్లో మనిషి పిలిస్తే లేచి వెళ్లడానికి ఈ ఆటలో వీలు లేదు. తోటని ఆపి ఉంచే మీట ఒకటి పెట్టండి. మా ఇంట్లో ఒకరికి దెబ్బ తగిలింది.' ఒక నక్షత్రం ఇచ్చాను. గంటలో జవాబొచ్చింది. 'మీ విలువైన అభిప్రాయానికి కృతజ్ఞతలు! మీ తోటకి పది నిమ్మ మొక్కలు మా కానుక!'

అది రాసింది నువ్వేనా?

ఎవరికీ చెప్పకు.

అక్క

*

నా గది
ఆదివారం

అక్కా,

నేనే. రాసింది కూడా కాదు. మూడో నంబరు మీట నొక్కితే ఆ జవాబు దానంతట అదే వెళ్లిపోతుంది. 'దెబ్బ' అనే మాట కనిపిస్తే పూర్తిగా చదివి పైకి పంపాలని మాకు నియమం. నేను చదవలేదు. ఒక నక్షత్రం చూశాను, మూడు నొక్కాను. నీ ఉత్తరం వచ్చాక వెతికి తీశాను. ఆ రోజు నేను అలా నూట నలభై పంపాను. అన్నిటికీ నిమ్మ మొక్కలు.

ఇంకోటి. పది నిమిషాలు పైవాళ్ల నిర్ణయమని రాశాను. కాదు. ఆ సలహా నాది. ఆరు గంటల గడువుంటే జనం నింపాదిగా వచ్చి వెళుతున్నారు, పది నిమిషాలు చేస్తే ఫోను కింద పెట్టరు అని రెండు పేజీలు రాసిచ్చాను. 'మధ్యలో లేవాలనిపించకూడదు' అని ఒక వాక్యం కూడా ఉంది అందులో. అందరూ చప్పట్లు కొట్టారు. బాతు బొమ్మ ఉన్న టీ కప్పు ఒకటి బహుమతి ఇచ్చారు. రోజూ అందులోనే తాగుతున్నాను. నిన్న తాగలేకపోయాను.

నువ్వు ఆడుతున్నావని ముందే తెలిసి ఉంటే ఎంత సంతోషించేవాణ్నో. ఆఫీసంతా తిరిగి చెప్పేవాణ్ని, మా అక్క కూడా ఆడుతోందని. ఇప్పుడు ఆ మాట ఎవరికి చెప్పను?

నిన్ను తప్పు పట్టే ముఖం నాకు లేదు. ఎవరికీ చెప్పను. కానీ మొన్న వదిన ఫోన్ చేసింది. నా ఆరోగ్యం అడిగింది, ఇక్కడి ఎండల సంగతి అడిగింది, చివర్లో అసలు మాట అంది. 'ఇంట్లో కూర్చుని చేసే పనేదైనా మీ ఆఫీసులో ఉంటే చూడు చిన్నోడా. అత్తయ్యని వదిలి నేను బయటికి వెళ్లనింక.' పదకొండేళ్లు ఆ మందుల కౌంటర్లో నిలబడిన మనిషి. ఏ డాక్టరు రాతనైనా చదివేస్తుందని ఆవిడకెంత గర్వమో నీకు తెలుసు. చూస్తానన్నాను.

ఇప్పుడు నాకూ తెలుసు కాబట్టి, ఆవిడ తల దించుకున్న ప్రతి రోజులోనూ నాకూ వాటా ఉంది. నువ్వు చెబితేనే అది పోతుంది అక్కా. నేను చెబితే పోదు.

చిన్నోడు

*

ఎముకల ఆస్పత్రి, వ్యాయామం గది బయట బెంచీ
గురువారం

చిన్నోడా,

అమ్మని లోపల నడిపిస్తున్నారు. గంట పడుతుంది.

ఈ బెంచీ మీద తొమ్మిది మందిమి ఉన్నాం. ఏడుగురు ఏదో ఒకటి ఆడుతున్నారు. నువ్వు అభిప్రాయాలు చదివి బతుకుతావు కదా, నేనూ కొన్ని పోగుచేశాను. కుడిచెయ్యికి పిండికట్టు ఉన్న ఒకతను ఎడమ చేత్తో రంగు బంతులు పేలుస్తున్నాడు. 'ఎడమ చేతికి వ్యాయామం అని డాక్టరుకి చెప్పానండీ, నమ్మాడు' అన్నాడు. ఒకమ్మాయి అక్షరాలు కలిపి మాటలు చేస్తోంది. 'ఇది ఆట కాదు ఆంటీ, చదువు' అని నేనడక్కుండానే చెప్పింది. నా పక్కన రిటైరైన లెక్కల టీచరు. ఆవిడ గాజు సీసాల్లో రంగు నీళ్లు పోసుకుంటోంది, ఫోన్లోనే. 'తప్పు చేస్తున్నట్టు ఉండదా మీకు?' అని అడిగాను. కళ్లజోడు పైనుంచి చూసి, 'ఇంట్లో ఎవరైనా పిలిచేదాకా ఉండదు' అంది.

నేనింకా చెప్పలేదు. రెండుసార్లు ప్రయత్నించాను. ఒకసారి భోజనాల బల్ల దగ్గర నోరు తెరిచాను. మీ అన్నయ్య 'ఉప్పు కావాలా అక్కా?' అని గిన్నె జరిపాడు. వేసుకున్నాను. రెండోసారి మొన్న సాయంత్రం, మీ వదినా నేనూ దుప్పట్లు మడతపెడుతుంటే. తనే ముందు మాట్లాడింది. 'మీరొక్కరే నన్ను ఒక్క మాటా అనలేదు వదినగారూ. అందుకని మీకు చెప్పుకుంటున్నా. ఆ రోజు నేల ఆరిపోయింది. చెప్పుల్లేకుండా నడిచి చూసి మరీ వెళ్లాను.'

'నాకు తెలుసు' అన్నాను.

అంతకుమించి రాలేదు. అది నా మంచితనం అనుకుని తను దుప్పటి కొస మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రెండో కొస నా చేతిలో ఉంది.

పై అంతస్తు ఆవిడ నిన్న వచ్చింది. వాళ్ల అబ్బాయి పరీక్షలట. 'మీ ప్రార్థనలో మావాడి పేరు కూడా ఒకసారి అనుకోండి, మీ మాట పైకి వెళుతుంది' అంది. సరేనన్నాను. అమ్మ పడ్డ రోజు నుంచి నేను గదిలోకి వెళుతున్నాను, కూర్చుంటున్నాను, వస్తున్నాను. ఆట తెరవలేదు. ప్రార్థన కూడా రావడం లేదు. మనసులో ఏం మొదలుపెట్టినా 'పొద్దున తుడిచింది' దగ్గరికే వస్తోంది.

నువ్వు ఒకసారి రాగలవా? నువ్వు పక్కనుంటే చెప్పగలనేమో.

అక్క

*

ఆఫీసు
మంగళవారం

అక్కా,

రాను. టికెట్ దాకా వెళ్లి ఆగాను. నేనుంటే నువ్వు నా వెనక నిలబడతావు. చిన్నప్పుడు అద్దం నేను పగలగొడితే నీ వెనక నిలబడ్డానే, అలా. అది పిల్లలకి చెల్లుతుంది.

తోటని ఆపి ఉంచే మీట సంగతి నిన్న మీటింగులో అడిగాను. 'ఒక నక్షత్రం వాళ్ల కోసం మార్చుకుంటూ పోతే ఎలా?' అన్నారు. నీ అభిప్రాయం పూర్తిగా చదివి వినిపించాను. ఎవరి ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలిందట అని అడిగారు. మా ఇంట్లో, మా అమ్మకి అన్నాను. చూద్దామన్నారు. నా బాతు కప్పు అక్కడే బల్ల మీద వదిలేసి వచ్చాను.

నువ్వు చెప్పు అక్కా. ఎలాగోలా చెప్పు.

చిన్నోడు

*

ఇల్లు, హాల్లో అమ్మ మంచం పక్కన
ఆదివారం

చిన్నోడా,

చెప్పాను.

మధ్యాహ్నం అందరూ ఇంట్లో ఉన్నారు. అమ్మ పట్టుకుని నడవడానికి మీ అన్నయ్య గోడకి కడ్డీ బిగిస్తున్నాడు. మీ వదిన తువాళ్లు మడతపెడుతోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఫోను తీసి, ఆట తెరిచి, బల్ల మీద పెట్టాను. రెండు నెలల తరవాత తెరవడం. నలభై చెట్లూ ఎండి నిలబడి ఉన్నాయి. బాతు మాత్రం వాటి మధ్యన తిరుగుతోంది.

పిల్ల తొంగి చూసింది. 'అత్తా! నువ్వా? ఈ ముసలాళ్ల ఆట ఆడతావా? ఏ లెవెల్?'

'అరవై ఒకటి' అన్నాను.

'అమ్మో, మామూలు దానివి కాదు! దీనికి ఏడాది పడుతుంది' అని నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే మిగతాది చెప్పేశాను. గడియ, నలభై చెట్లు, రెండు పిలుపులు, పాలు, గుడ్డ, పొయ్యి, 'పొద్దున తుడిచింది'. దేన్నీ తగ్గించలేదు. నువ్వెప్పుడూ అంటావు, నేను మాట పొదుపుగా వాడతానని. ఇవాళ పొదుపు చేయలేదు.

మీ అన్నయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. 'తెలిసే ఊరుకున్నావా అక్కా?' అన్నాడు.

'తెలిసే.'

'నేను తనతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. అదీ చూశావా?'

'చూశాను.'

అప్పుడు అమ్మ కల్పించుకుంది. 'దాన్నొక్కదాన్నే అనకురా. నాకూ తెలుసు' అంది.

అందరం అటు తిరిగాం.

'దేవుడితో మాట్లాడుతూ ఎవరైనా "ఓసి దొంగ బాతూ" అంటారా? ఏడాదిగా వింటున్నాను. గోడ అవతలే కదా నా కుర్చీ. దానికి అదో సరదా, పోనీలే అనుకున్నాను. పాల మీద కాలు జారిందనీ నాకు తెలుసు. పడ్డాక పిలిచాను. పలకలేదు. ఆ టింగులు లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. ఇంకొకటైతే వస్తుంది, ఇంకొకటైతే వస్తుంది అని. ముప్పై రెండు.'

ఎనిమిదీ ముప్పై రెండూ. సరిపోయింది.

'మరి చెప్పలేదేం అమ్మా?' అని మీ అన్నయ్య అడిగాడు.

'మొదట మందుల మత్తు. తరవాత మీ అక్క తలెత్తుకుని తిరగాలనుకున్నాను. నలుగురూ దాన్ని చూసి చేతులు జోడిస్తుంటే నాకది బాగుండేది. కోడలు తల దించుకుని నాకు మాత్రలిస్తోంది, చూస్తూనే ఉన్నాను. కొన్నాళ్లకి అందరూ మర్చిపోతార్లే అనుకున్నాను.' మొహం గోడవైపు తిప్పుకుంది. అమ్మని నేనెప్పుడూ అలా చూడలేదు. నా సిగ్గు నేనే మోస్తున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. ఆవిడ చేత కూడా మోయించాను.

మీ వదిన ఏడవలేదు. అరవలేదు. ఆఖరి తువాలు మడతపెట్టి దొంతర మీద పెట్టింది.

'ఆ రోజు "నాకు తెలుసు" అన్నారు మీరు' అంది. 'నన్ను నమ్మిన మనిషి ఒక్కరైనా ఉన్నారనుకుని మీ ముందు ఏడ్చాను.'

క్షమించమని అడిగాను.

'ఇప్పుడు అడక్కండి' అని వంటింట్లోకి వెళ్లింది. కొళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది. కడగడానికి అక్కడ గిన్నెలేమీ లేవు.

సాయంత్రం తనే అందరికీ టీ తెచ్చింది. నాకూ తెచ్చింది. అప్పుడు ఇంట్లో తేలిన సంగతులు నీకు రాస్తున్నాను.

రేపు మీ వదిన మందుల షాపుకి వెళుతుంది. మళ్లీ తీసుకుంటారో లేదో తెలియదు. మీ అన్నయ్య కూడా వెళ్లి తప్పు మీ వదినది కాదని అక్కడి ఓనరుతో చెబుతాడు. 'నేను చెప్పుకోలేనా?' అంది. 'నువ్వు చెప్పావు. నేనే వినలేదు. అందుకని నేనే చెప్పాలి' అన్నాడు. తను సరేననలేదు, వద్దనీ అనలేదు.

ప్రార్థన గది గడియ ఊడదీయాలన్నాడు మీ అన్నయ్య. అప్పటికప్పుడే ఊడదీశాడు కూడా. నాలుగు స్క్రూలు, నాన్న బిగించినవి, తుప్పు పట్టి ఒకటి విరిగింది. ఇకమీదట లోపల ఎవరున్నా పిలవచ్చు. పిలిస్తే పలకాలి. దేవుడు ఆ మాత్రం ఆగుతాడని అమ్మ అంది.

ఆట తీసేస్తానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. 'తీసేస్తే నీకు సుఖం. తీయకు. నా మంచం పక్కన కూర్చుని ఆడు. నేను పిలిచినప్పుడు లేస్తావో లేదో నేను చూడాలి' అంది. పిల్ల ఫోన్లో కాల్పులు కూడా ఇక హాల్లోనే. పిల్ల గొణిగింది కానీ ఎదురు చెప్పలేదు.

చివరిది మీ వదిన చెప్పింది. తను ఇప్పటిదాకా ఈ ఇంట్లో షరతు పెట్టడం నేను చూడలేదు. 'నా వల్లే అత్తయ్య పడిందని ఎవరెవరు అనుకుంటున్నారో వాళ్లందరికీ మీరు చెప్పాలి వదినగారూ. మెసేజ్ కాదు, నోటితో. ఒక్కొక్కరికీ.' పిల్ల నోట్‌బుక్కులోంచి కాగితం చింపి తనే పేర్లు రాసింది. పై అంతస్తు ఆవిడ, డిపోలో మీ అన్నయ్య స్నేహితులు, మందుల షాపులో తనతో పనిచేసిన అమ్మాయి, చుట్టాలు. పద్నాలుగు మంది. ఎవరు ఏ మాటన్నారో తనకి అన్నీ గుర్తున్నాయి. నేను కాదనలేదు. కాదనే వాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.

వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటికి హాల్లో అందరి ముందూ మొదలుపెట్టాలని తేలింది. ఈ ఉత్తరం నీకు శుక్రవారానికి అందుతుంది. ఫోనొస్తే ఎత్తు. 'నాకు ముందే తెలుసు' అని మధ్యలో ఆపకు, నేను పూర్తిగా చెప్పేదాకా విను. తరవాత ఫోను మీ వదిన చేతికిస్తాను. నీకెప్పటి నుంచి తెలుసో తను అడుగుతుంది.

నంబర్లు తను కలుపుతుంది. మాట్లాడేది నేను. మొదటి నంబరు నీది.

అక్క